కదలని షడ్జం, కదిలే షడ్జం
జాజ్ గిటారులో గౌరీమనోహరి స్వరాలు

కర్ణాటక సంగీతంలో ఇరవైమూడవ మేళకర్త రాగం గౌరీమనోహరి. పాశ్చాత్య సంగీతంలో మెలోడిక్ మైనర్ అనే స్వరక్రమం ఒకటి ఉన్నది. ఆరోహణలో ఈ రెంటి స్వరస్థానాలూ ఒక్కటే. జాజ్ గిటారు వాదకులు తమ మనోధర్మ వాదనంలో ఎంతో ఇష్టంగా వాడుకొనే స్వరక్రమాలలో ఇది ముఖ్యమైనది. ఈ సామ్యం తెలిసిన వెంటనే మనవారిలో సాధారణంగా రెండు అభిప్రాయాలు తలెత్తుతాయి. జాజ్ సంగీతం మన రాగాన్నే అరువు తెచ్చుకొన్నదనే గర్వం మొదటిది. పేరుకు స్వరాలు ఒకటైనా రెండూ పొసగని విద్యలనీ, పిల్లలు ఏదో ఒకదానినే నేర్చుకోవాలనీ అనుకొనే భయం రెండవది. శాస్త్రదృష్టితో పరిశీలిస్తే ఈ రెండూ నిలవవు.

ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది కేవలం పాండిత్యానికి సంబంధించిన చర్చ కాదు. మనామా నగరంలోని మహూజ్ వంటి పేటలలో పెరిగే తెలుగు పిల్లలు వారంలో ఒకనాడు సరళీ స్వరాలు, మరొకనాడు గిటారు అభ్యసించడం వింత కాదు. పై తరగతులకు వచ్చి చదువు బరువు పెరిగేసరికి రెంటిలో ఒకదానిని మాన్పించవలసిన ఘడియ వస్తుంది. అప్పుడు తీసుకొనే నిర్ణయం ఆ రెండు విద్యల నడుమ ఉన్న బంధమేమిటో, భేదమేమిటో తెలిసి తీసుకొనడం మంచిది. గౌరీమనోహరి ఆ బంధానికీ, భేదానికీ కూడ చక్కని ఉదాహరణ.

ఒకే సోపానం, రెండు దారులు

గౌరీమనోహరిలో షడ్జ పంచమాలతోపాటు చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్శ్రుతి ధైవతం, కాకలి నిషాదం ఉంటాయి. శంకరాభరణం తెలిసినవారు అందులోని అంతర గాంధారాన్ని ఒక అరస్వరం దించితే చాలు, గౌరీమనోహరి లభిస్తుంది. కటపయాది సూత్రం ప్రకారం ‘గౌ’ మూడు, ‘రి’ రెండు. వాటిని తిరగవేస్తే ఇరవైమూడు. త్యాగరాజస్వామివారి ‘గురులేక యెటువంటి’ కృతి ఈ రాగంలోనిదే. దీక్షితుల సంప్రదాయంలో ఇరవైమూడవ మేళానికి గౌరీవేళావళి అని పేరు. తూర్పు గోదావరి జిల్లాలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ డెబ్బైరెండు మేళకర్తలలోనూ కృతులు రచించారు గనుక, ఆ వరుసలో గౌరీమనోహరికీ స్థానం లభించింది.

పదిహేడవ శతాబ్దంలో వేంకటమఖి తన ‘చతుర్దండీ ప్రకాశిక’లో మేళాల సంఖ్య డెబ్బైరెండని గణితంతో నిర్ధారించాడు. రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు, మధ్యమాలు రెండు. వీటిని గుణిస్తే డెబ్బైరెండు. ఆనాటికి వాడుకలో ఉన్న మేళాలు పంతొమ్మిదే. వాడుకలో లేనివాటికి కూడ ముందుగానే స్థానాలు కల్పించిన పట్టిక అది. రసాయన శాస్త్రంలో 1869లో మెండలీవ్ రూపొందించిన ఆవర్తన పట్టికలో అప్పటికి కనుగొనని మూలకాలకు గళ్ళు ఖాళీగా ఉంచిన సంగతి ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు.

మెలోడిక్ మైనర్ పుట్టిన దారి వేరు. ఐరోపా సంగీతంలో సహజ మైనర్ అనబడే క్రమం మన నటభైరవికి సమానం. అందులోని నిషాదం పై షడ్జానికి పూర్తి స్వరం దూరంలో ఉండడం వలన ముగింపు బలహీనంగా తోచేది. నిషాదాన్ని అరస్వరం పెంచితే ఆ లోటు తీరింది. ఆ రూపం మన కీరవాణికి సమానం. కాని అప్పుడు ధైవత నిషాదాల నడుమ మూడు అరస్వరాల పెద్ద అంగ ఏర్పడింది. గాయకులకు అది దాటరాని కాలువ వలె అనిపించింది. ధైవతాన్ని కూడ పెంచి ఆ అంగను పూడ్చారు. అలా వచ్చినదే మెలోడిక్ మైనర్. దిగేటప్పుడు ఈ అవసరం లేదు గనుక పాత నటభైరవి స్వరాలతోనే దిగేవారు. ఆరోహణ అవరోహణలు వేరైన రాగాలు మనకు కొత్త కావు గనుక ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. జాజ్ వాదకులు మాత్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పెంచిన స్వరాలనే వాడుతారు. అందుచేత జాజ్ మెలోడిక్ మైనర్ గౌరీమనోహరి స్వరాలతో పూర్తిగా సరిపోతుంది.

గణితం ఒక దారిన, గళం మరొక దారిన బయలుదేరి ఒకే చోటికి చేరాయి. ఎవరూ ఎవరినుండీ అరువు తెచ్చుకోలేదు. పన్నెండు స్వరస్థానాలనుండి ఏడింటిని చెవికి ఇంపుగా ఏర్చుకొనే మార్గాలు పరిమితం కావడమే ఈ సామ్యానికి కారణం.

నేల కదలని సంగీతం

స్వరాలు ఒకటే అయినప్పుడు సంగీతాలు ఎందుకు వేరుగా వినిపిస్తాయి? దీనికి సమాధానం స్వరాలలో లేదు. వాటి క్రింద మ్రోగే ఆధార శ్రుతిలో ఉన్నది.

మన కచేరీలో తంబురా ఆది నుండి అంతం వరకు షడ్జ పంచమాలను మ్రోగిస్తూనే ఉంటుంది. గాయకుడు పలికే ప్రతి స్వరమూ ఆ షడ్జంతో పోలికలోనే అర్థవంతమవుతుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సర్ సి.వి. రామన్ తంబురా, వీణల ధ్వనిని పరిశోధించి 1921లో ఒక వ్యాసం ప్రకటించారు. సాధారణంగా తీగను ఏ బిందువు వద్ద మీటుతామో, ఆ బిందువు వద్ద అస్పందన స్థానం గల అనుస్వరాలు పుట్టవు. సరిగా మధ్యలో మీటిన తీగలో రెండవ, నాలుగవ అనుస్వరాలు వినిపించరాదు. కాని తంబురాలో అవి కూడ వినిపిస్తాయని రామన్ చూపారు. తంబురా గుర్రం పైభాగం పదునుగా కాక వంపుగా, వెడల్పుగా ఉండి, కంపించే తీగ దానిని తాకుతూ విడుస్తూ ఉండడమే ఇందుకు హేతువు. ఈ అనుస్వరాల సమృద్ధి వలననే తంబురా శ్రుతి ఒక గట్టి నేల వలె గాయకుని పాదాల క్రింద నిలుస్తుంది.

బహ్రెయిన్‌లో నివసించేవారికి ఈ భావం స్థానిక సంగీతంలోనూ దొరుకుతుంది. ముత్యాలవేటకు పడవలలో వెళ్ళిన గజ ఈతగాండ్రు పాడుకొన్న పాటలకు ఫిజిరీ అని పేరు. నహ్హామ్ అనబడే ప్రధాన గాయకుడు ఎత్తుగా పాడుతుండగా, చుట్టూ ఉన్న బృందం అతి మంద్రంగా హుంకార నాదం చేస్తుంది. 1930లలో జపాను పెంపుడు ముత్యాల దెబ్బకు ముత్యాలవేట క్షీణించినా పాట నిలిచింది. 2021లో యునెస్కో దానిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తంబురా లేని చోట మానవ కంఠాలే ఆధార నాదమైన తీరు అందులో గోచరిస్తుంది.

నాలుగు రాగాలు, మూడు వెలివాడలు

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. స్వరాలను మార్చకుండా షడ్జాన్ని మాత్రం మార్చితే ఏమవుతుంది? దీనినే మన శాస్త్రంలో గ్రహభేదం అంటారు. గౌరీమనోహరి స్వరాలనే ఉంచి రిషభాన్ని షడ్జంగా భావిస్తే పదవ మేళమైన నాటకప్రియ లభిస్తుంది. మధ్యమాన్ని షడ్జంగా భావిస్తే అరవైనాలుగవదైన వాచస్పతి, పంచమాన్ని భావిస్తే ఇరవైయారవదైన చారుకేశి లభిస్తాయి. కరుణరసం చిప్పిల్లే చారుకేశి, గంభీరమైన వాచస్పతి, ఈ రెండూ ఒకే ఏడు స్వరాల బిడ్డలంటే తొలిసారి విన్నవారు నమ్మరు.

రసాయన శాస్త్రంలో ఇటువంటి వింత సుపరిచితం. రెండు కార్బన్, ఆరు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులతో ఇథైల్ ఆల్కహాలు ఏర్పడుతుంది. అది 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ద్రవం. సరిగా అవే పరమాణువులతో డైమిథైల్ ఈథరు ఏర్పడుతుంది; అది సున్నకు 24 డిగ్రీలు దిగువనే మరిగిపోయే వాయువు. మూలకాలు, వాటి సంఖ్యలు మారలేదు. ఆక్సిజన్‌కు ఇరుప్రక్కలా ఎవరున్నారన్నదే మారింది. స్వరలోకంలో ఆ ఆక్సిజన్ పాత్ర షడ్జానిది.

గాంధార, ధైవత, నిషాదాలను షడ్జంగా భావించినప్పుడు మాత్రం మేళకర్త పట్టికలో స్థానం దొరకదు. కారణం సులభం. పట్టికలోని ప్రతి మేళానికీ పంచమం ఉండి తీరాలి. అంటే షడ్జానికి ఏడు అరస్వరాల పైన ఒక స్వరం ఉండాలి. గౌరీమనోహరిలో ఈ షరతు షడ్జ, రిషభ, మధ్యమ, పంచమాలకు మాత్రమే నెరవేరుతుంది. మిగిలిన మూడు స్వరాలకు ఆ తోడు లేదు. పోలికకు శంకరాభరణాన్ని తీసుకొంటే ఏడింటిలో ఆరింటికి పంచమం ఉన్నది. అందుచేత కల్యాణి, ఖరహరప్రియ, హరికాంభోజి, తోడి, నటభైరవి అందులోనుండి వెలువడ్డాయి. గౌరీమనోహరి సంతానంలో ముగ్గురు వెలివాడలో ఉండిపోయారు.

తంబురా షడ్జ పంచమాలను నిరంతరం మ్రోగిస్తున్నంతకాలం ఈ వెలి న్యాయమైనదే. పంచమం లేకుండా దానికి అటూ ఇటూ అరస్వరం దూరంలో నిలిచే స్వరం ఆ నాదంతో ఘర్షణ పడుతుంది. అయితే నేలయే కదిలే సంగీతం ఒకటి ఉంటే?

నేల కదిలే సంగీతం

జాజ్ అటువంటి సంగీతం. అందులో తంబురా లేదు. పియానో, డబుల్ బేస్ వంటి వాద్యాలు కొన్ని మాత్రల కొకసారి ఆధారాన్ని మార్చివేస్తుంటాయి. ఒకేసారి మ్రోగే మూడు నాలుగు స్వరాల గుంపును కార్డు అంటారు. ఒక కార్డు నుండి మరొక కార్డుకు నడిచే ఈ నడక ముందుగా నిర్ణయమై ఉంటుంది. దానిపై వాదకుడు అప్పటికప్పుడు స్వరకల్పన చేస్తాడు. ఆవర్తనం చెడకుండా మనోధర్మాన్ని ప్రదర్శించే కల్పనాస్వరాలకు ఇది దూరపు చుట్టమే. తేడా ఒక్కటే: కల్పనాస్వరంలో తాళం మాత్రమే లెక్క పెట్టాలి, జాజ్‌లో తాళంతోపాటు షడ్జం ఎక్కడికి జరిగిందో కూడ లెక్క పెట్టాలి.

ఈ నడకలో అతి ముఖ్యమైన ఘట్టం పంచమం మీద నిర్మించిన కార్డు షడ్జం మీది కార్డుకు చేరుకోవడం. పంచమ కార్డులో పంచమం, కాకలి నిషాదం, చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ మధ్యమం ఉంటాయి. ఇందులో మధ్యమ నిషాదాల నడుమ దూరం ఆరు అరస్వరాలు. స్థాయికి సరిగ్గా సగం. ఈ జంట చెవికి అశాంతిని కలిగిస్తుంది. నిషాదం అరస్వరం ఎక్కి షడ్జంలో, మధ్యమం అరస్వరం దిగి అంతర గాంధారంలో చేరినప్పుడు ఆ అశాంతి తీరుతుంది. వింటిని వంచి వదిలినట్లు అశాంతినీ, విశ్రాంతినీ ఈ విధంగా కూర్చడమే పాశ్చాత్య శ్రుతిమేళన రహస్యం.

వింటిని ఇంకా వంచడం ఎలా? ఇక్కడే మన వెలివాడ స్వరక్రమం రంగప్రవేశం చేస్తుంది. పంచమ కార్డు మ్రోగుతుండగా వాదకుడు దానికి అరస్వరం పైనున్న శుద్ధ ధైవతాన్ని షడ్జంగా భావించి గౌరీమనోహరి వాయిస్తాడు. అప్పుడు అసలు శ్రుతిలో వినిపించే స్వరాలు ఇవి: పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, కాకలి నిషాదం, శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. కార్డుకు ఎముకల వంటి పంచమ, మధ్యమ, కాకలి నిషాదాలు ఇందులో భద్రంగా ఉన్నాయి. చేరవలసిన విశ్రాంతి కార్డులో షడ్జం, అంతర గాంధారం, పంచమం ఉంటాయి. పై ఏడింటిలో ఐదు స్వరాలు ఈ విశ్రాంతి స్వరాలలో ఏదో ఒకదానికి సరిగ్గా అరస్వరం దూరంలో నిలుస్తాయి. శుద్ధ ధైవతం పంచమానికి, శుద్ధ రిషభమూ కాకలి నిషాదమూ షడ్జానికి, సాధారణ గాంధారమూ శుద్ధ మధ్యమమూ అంతర గాంధారానికి పొరుగు ఇళ్ళలో ఉంటాయి. ఏ స్వరం మీద నిలిచినా గమ్యం ఒక్క అడుగు దూరమే. అశాంతి హెచ్చు, విశ్రాంతి దగ్గర. శ్రోత ఊపిరి బిగబట్టి వినడానికి ఇంతకంటె ఏమి కావాలి?

గౌరీమనోహరి నిషాదాన్ని ఆధారంగా చేసుకొన్న ఈ రూపానికి జాజ్ వాదకులు ఆల్టర్డ్ స్కేలు అని పేరు పెట్టారు. 1940ల నాటి బీబాప్ వాదకులు ఇటువంటి స్వరాలను చెవితో వెదికి వాడారు. తరువాతి బోధకులు వాటిని మెలోడిక్ మైనర్ రూపాలుగా సూత్రీకరించారు. మన పట్టికలో చోటు దొరకని క్రమం అక్కడ రాజభోగం అనుభవిస్తున్నది. పంచమం లేకపోవడమే అక్కడ దాని గుణం. ఎందుకంటే ఆ క్షణాన దాని పని నిలవడం కాదు, జారడం.

ఒకటి, నాలుగు, ఎనిమిది

ఇంతవరకు చెప్పినది ఏ వాద్యానికైనా వర్తిస్తుంది. గిటారుకు ఇందులో ఒక ప్రత్యేక సౌకర్యం ఉన్నది. పియానోలో షడ్జం మారితే తెల్ల, నల్ల మెట్ల అమరిక మారి వేళ్ళ వరుస మారుతుంది. గిటారులో వేళ్ళ అమరికను అలాగే ఉంచి చేతిని మాత్రం జరిపితే చాలు. వీణపై కూడ ఇది సాధ్యమే. కాని వీణలో షడ్జ పంచమాలు తాళం తీగలతో ముడిపడి ఉండడం వలన ఆ అవసరం రాదు.

ఉదాహరణకు మైనర్ శ్రుతిలో సుప్రసిద్ధమైన మూడు కార్డుల నడకను చూడవచ్చు. సి షడ్జమైతే అవి వరుసగా డి మీద, జి మీద, సి మీద నిర్మితమవుతాయి. మొదటి కార్డుకు ఎఫ్ షడ్జంగా, రెండవదానికి ఎ ఫ్లాట్ షడ్జంగా, మూడవదానికి సి షడ్జంగా గౌరీమనోహరి సరిపోతుంది. గిటారులో అన్నిటికంటె లావైన ఆరవ తీగ మీద ఈ మూడు షడ్జాలు ఒకటవ, నాలుగవ, ఎనిమిదవ మెట్ల వద్ద ఉంటాయి. అంటే ఒకే పలుకుబడిని మొదట మూడు మెట్లు, తరువాత నాలుగు మెట్లు పైకి జరిపితే మొత్తం నడక పూర్తవుతుంది. తీగలు సాధారణంగా ఐదేసి అరస్వరాల దూరంలో శ్రుతి చేసి ఉంటాయి. మూడవ, రెండవ తీగల నడుమ మాత్రం ఒక అరస్వరం తక్కువ. ఆ చోట వేళ్ళను ఒక మెట్టు సవరించుకోవాలి.

విశ్రాంతికి వెళ్ళకుండా నిలిచిపోయే ఏడవ స్వరపు కార్డు ఎదురైతే, దాని పంచమాన్ని షడ్జంగా చేసుకొని అదే గౌరీమనోహరిని వాయిస్తారు. అప్పుడు వినిపించేది వాచస్పతి. ఇలా ఒక్క రాగపు స్వరాలతోనే పెక్కు సందర్భాలను నడుపుకొని రావచ్చు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన జాజ్ గిటారు విద్వాంసుడు పాట్ మార్టినో (1944-2021) ఈ మార్గానికి ప్రసిద్ధుడు. ఎదురైన ప్రతి కార్డునూ దానికి చుట్టమైన ఏదో ఒక మైనర్‌గా మార్చుకొని ఆలోచించడం ఆయన పద్ధతి. 1980లో మెదడులోని రక్తనాళాల లోపానికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ఆయన స్మృతిని కోల్పోయారు. తన వాద్యం కూడ ఆయనకు పరాయిదయింది. తన పాత రికార్డులనే గురువుగా చేసుకొని గిటారును తిరిగి అభ్యసించి, 1987లో మరల వేదిక ఎక్కి ధ్వనిముద్రణ చేశారు. వేళ్ళ అమరికలో నిక్షిప్తమైన విద్య ఎంత లోతుగా నాటుకొంటుందో, సాధన ఎంతటి చికిత్స కాగలదో ఆయన జీవితం చెబుతుంది.

మెట్టు ఇచ్చేది, మెట్టు హరించేది

సౌకర్యం ఉచితంగా రాదు. గిటారు మెట్లను చెవితో కాక సూత్రంతో అమర్చుతారు. స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తే ఒక్కొక్క అరస్వరానికీ పౌనఃపున్యం 1.0595 రెట్లు పెరుగుతుంది. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అయిన గిటారులో మొదటి మెట్టు తలగట్టు నుండి 36.4 మిల్లీమీటర్ల వద్ద, పన్నెండవది సరిగా సగం అయిన 324 వద్ద వస్తాయి. పంచమం ఇచ్చే ఏడవ మెట్టు 215.5 వద్ద ఉంటుంది; శుద్ధమైన పంచమం 216 వద్ద ఉండాలి. అర మిల్లీమీటరు తేడాను చెవి క్షమిస్తుంది. గాంధార, ధైవత, నిషాదాల విషయంలో తేడా పెద్దది. షడ్జం 261.6 హెర్ట్జ్ అయితే కాకలి నిషాదం శుద్ధ నిష్పత్తిలో 490.5 వద్ద పలకాలి. గిటారు మెట్టు 493.9 వద్ద పలుకుతుంది. ఈ రెండూ కలిసి మ్రోగితే సెకనుకు మూడుకు పైగా విస్పందనాలు వినిపిస్తాయి. తంబురాతో జత చేసిన గిటారు ఒక్కొక్కప్పుడు చెవిని గీరినట్లు అనిపించడానికి ఇది ఒక కారణం. కాని ఏ షడ్జానికి జరిపినా ఒకే తీరున పలకాలంటే ఈ రాజీ తప్పదు. నేల కదలాలంటే మెట్లు సమంగా ఉండాలి.

వీణ మెట్లు ఇరవైనాలుగు. వాటిని మైనంలో చెవితో సరిచూసి అమర్చుతారు. బహ్రెయిన్ ‘సౌత్’ గానానికి ప్రాణమైన ఊద్ వాద్యానికి మెట్లే లేవు. అందుచేత అరస్వరానికీ పూర్తి స్వరానికీ నడుమనున్న అరబ్బు స్వరాలు దానిపై పలుకుతాయి. ఊద్ నుండి ఐరోపాలో ల్యూట్ ఉద్భవించింది. గిటారు ఆ కుటుంబానికి చుట్టం. మెట్లు వచ్చి కొన్ని స్వరాలను స్థిరపరచాయి. మరికొన్నిటిని దూరం చేశాయి.

మన దృష్టిలో ఇంకొక నష్టం గమకం. గౌరీమనోహరి స్వరాలను వరుసగా మీటినంత మాత్రాన గౌరీమనోహరి రాగం కాదు. ఏ స్వరాన్ని ఊపాలి, ఏ స్వరంపై నిలవాలి, ఏ సంచారం రాగాన్ని పట్టి ఇస్తుంది అన్నవి రాగానికి ప్రాణం. గిటారుపై తీగను ప్రక్కకు లాగి స్వరాన్ని పెంచవచ్చు. కాని పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. ఒక్క అరస్వరం పెంచడానికే బిగువు సుమారు 12 శాతం హెచ్చాలి. ఇంగ్లండులో జన్మించిన జాన్ మెక్లాఫ్లిన్ 1970లలో ‘శక్తి’ బృందంతో వాయించే రోజులలో తన గిటారు మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించుకొన్నారు. వేలు చెక్కకు ఆనకుండా తీగను స్వేచ్ఛగా లాగడానికి అది వీలు కల్పించింది.

పాశ్చాత్య వాద్యంపై గమకం పలికించిన తెలుగు బిడ్డను ఇక్కడ తలచుకోక తప్పదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌లోని జంట తీగలను తొలగించి ఐదు ఒంటి తీగలు బిగించి, విద్యుత్ సహాయంతో నాదాన్ని నిలబెట్టి, కర్ణాటక రాగాలను నిండుగా పలికించారు. ఆ తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో మెక్లాఫ్లిన్ ప్రక్కన కూర్చుని వాయించారు. 2000, 2001 సంవత్సరాలలో విడుదలైన వారి ధ్వనిముద్రణలలో శ్రీనివాస్ వాదనం వినవచ్చు. ఆయన 2014లో నలభైఐదేళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఒక వైపు కదలని షడ్జంలో పుట్టిన విద్య, మరొక వైపు కదిలే షడ్జంలో పెరిగిన విద్య. ఆ వేదికపై ఒకటి మరొకదానికి తలవంచలేదు, తలుపు మూయలేదు.

ఇంటిలో చేయదగిన ప్రయోగం

పిల్లలకు ఈ విషయం ఉపన్యాసంతో కంటె ప్రయోగంతో బాగా బోధపడుతుంది. అందుకు కావలసినవి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఒకటి, గిటారు ఒకటి. శ్రుతిపెట్టెను ఒకటి శ్రుతికి, అంటే సికి, అమర్చి గిటారుపై సి నుండి గౌరీమనోహరి స్వరాలు మీటించాలి. తరువాత వేళ్ళు అవే స్వరాలపై ఉండగా శ్రుతిపెట్టెను రెండు శ్రుతికి మార్చాలి, నాటకప్రియ వినిపిస్తుంది. నాలుగు శ్రుతికి మార్చితే వాచస్పతి, ఐదు శ్రుతికి మార్చితే చారుకేశి. ప్రతిసారీ శ్రుతికి తగిన స్వరం వద్ద ఆగి, అక్కడినుండి మొదలుపెట్టడం ముఖ్యం. చివరకు పంచమం తీగను ఆపివేసి శ్రుతిని బికి మార్చితే ఆల్టర్డ్ క్రమం ఎదురవుతుంది. అక్కడ ఎక్కువసేపు నిలవలేమన్న సంగతి పిల్లల చెవికే తెలిసిపోతుంది. అంతలో శ్రుతిని తిరిగి సికి తెచ్చితే కలిగే ఊరటయే జాజ్ సంగీతపు మూలసూత్రం.

ఈ ప్రయోగం చేసిన ఇంటిలో ‘ఏది మాన్పించాలి’ అన్న ప్రశ్న రూపు మార్చుకొంటుంది. సమయం నిజంగా ఒకదానికే ఉన్నప్పుడు ఏది ఏమి ఇస్తుందో తెలిసి ఎన్నుకోవచ్చు. షడ్జాన్ని ఒకచోట నిలిపి, ఒక్కొక్క స్వరాన్ని దాని స్థానంలో సూక్ష్మంగా పలికించే నిశితమైన చెవిని సరళీ స్వరాలు ఇస్తాయి. షడ్జం కదిలినప్పుడు తడబడకుండా, ప్రతి స్వరానికీ కొత్త బంధుత్వాన్ని వెంటనే లెక్క కట్టే చురుకుదనాన్ని జాజ్ గిటారు ఇస్తుంది. మొదటిది బాల్యంలో తేలికగా అబ్బుతుంది; పెద్దయిన తరువాత కష్టం. రెండవది గణితజ్ఞానం పెరిగిన వయస్సులో కూడ పట్టుబడుతుంది. కనుక రెంటికీ వేళ లేనప్పుడు చిన్నతనాన శ్రుతిజ్ఞానానికి ముందు పీట వేసి, గిటారును కొంచెం ఆగి అందుకోవడం వివేకం. గిటారు ముందే చేతికి వచ్చిన పిల్లలకు రోజూ పది నిమిషాలు శ్రుతిపెట్టె ముందు పాడించినా ఆ లోటు చాలవరకు తీరుతుంది.

పుట్టిన ఊరి శ్రుతిని చెవిలో నిలుపుకొని, అడుగు పెట్టిన ప్రతి నేలలోనూ తన స్వరానికి తగిన బంధుత్వం వెదుక్కోవడం ప్రవాస జీవితానికి కొత్త కాదు. పెద్దలు బ్రతుకుతెరువు కోసం చేసిన ఆ సాధనను పిల్లలు ఆరు తీగల మీద సరదాగా చేస్తారు. వారికి రెండు షడ్జాలనూ పరిచయం చేయడమే పెద్దల వంతు.